లెక్కల క్లాసులో ముగ్గు, తాళం, పద్యం: కళలతో గణితం అంటే అసలు ఏం జరగాలి?

తిరుపతిలో సీబీఎస్‌ఈ బడికి పిల్లల్ని పంపే ఇళ్లలో ఏడాదికి ఒకసారైనా ఈ హడావిడి ఉంటుంది. లెక్కల్లో ఆర్ట్ ఇంటిగ్రేటెడ్ ప్రాజెక్టు చేసి సోమవారం తెమ్మన్నారని పాప శనివారం సాయంత్రం చెబుతుంది. థర్మోకోల్ షీటు, రంగు చార్టులు, జిగురు కొనుక్కొచ్చి రాత్రి పదకొండు దాకా ఇంటిల్లిపాదీ అతికిస్తారు. చివరికి త్రిభుజాలతో చేసిన నెమలి తయారవుతుంది. త్రిభుజం గురించి పాపకు కొత్తగా ఏం తెలిసిందని మాత్రం ఎవరూ అడగరు.

కళలు కలిపి చెబితే లెక్కలంటే టెన్షన్ పోతుందని ట్రైనింగుల్లో చెబుతున్నారు. మరి సిలబస్ ఎప్పుడు అవుతుందని టీచర్లు అడుగుతున్నారు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్పించిన తల్లిదండ్రులు, ఈఏపీసెట్‌లో ముగ్గులు అడగరు కదా అంటున్నారు. ఈ మాటలన్నిటిలోనూ నిజం ఉంది. చిక్కంతా ఎక్కడుందంటే, ఒకే పేరు కింద ఒకదానితో ఒకటి సంబంధం లేని పనులు జరుగుతున్నాయి. వాటిని విడదీస్తే తప్ప ఏది పాఠానికి పనికొస్తుందో, ఏది పీరియడ్‌ను మింగేస్తుందో తేలదు.

## ఈ పద్ధతి బడిలోకి ఎలా వచ్చింది

పాఠంలోని ఒక విషయాన్ని బొమ్మ, సంగీతం, నృత్యం, నాటకం, చేతిపని లాంటి కళ ద్వారా నేర్చుకోవడాన్ని కళా సమ్మిళిత అభ్యసనం అంటున్నారు. డ్రాయింగ్ పీరియడ్ వేరు, ఇది వేరు. డ్రాయింగ్ పీరియడ్‌లో బొమ్మ గీయడమే నేర్చుకోవలసిన విషయం. ఇక్కడ బొమ్మతో పాటు లెక్క కూడా నేర్చుకోవాలి.

2020 మే నెలలో సీబీఎస్‌ఈ 1 నుంచి 10వ తరగతి వరకు ఇలాంటి ప్రాజెక్టులను తప్పనిసరి చేసింది. అదే ఏడాది జులైలో వచ్చిన జాతీయ విద్యా విధానం, అన్ని సబ్జెక్టుల్లోనూ కళల్ని బోధన పద్ధతిగా వాడాలని చెప్పింది. 2025లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ 7వ తరగతి లెక్కల పుస్తకంలో, ఛందస్సు నుంచి పుట్టిన విరహాంక సంఖ్యలకు చోటు దొరికింది. వాటి సంగతి కింద చూద్దాం.

ఆలోచన మాత్రం అంతకు చాలా ముందు నుంచీ ఉంది. పాత చిత్తూరు జిల్లాలోని మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు పల్లె బడుల్లో మెట్రిక్ మేళా అని జరుపుతూ వచ్చారు. పిల్లలే దుకాణాలు పెడతారు. ఊరివాళ్లు వస్తే వాళ్ల ఎత్తు కొలుస్తారు, బరువు తూస్తారు, ఎంతో అంచనా వేయమంటారు. అది జాతర లాగే ఉంటుంది. అయితే అక్కడ కొలత తప్పయితే ఎదురుగా ఉన్న మనిషే చెబుతాడు.

## అలంకరణ, జ్ఞాపకం, నిర్మాణం

కళ లెక్కల పీరియడ్‌లోకి వచ్చినప్పుడు మూడు పనుల్లో ఏదో ఒకటి చేస్తుంది.

మొదటిది అలంకరణ. త్రిభుజాల నెమలి, అంకెలకు కళ్లు ముక్కు పెట్టిన పోస్టరు ఇందులోకి వస్తాయి. త్రిభుజాల బదులు ఆకులు అతికించినా ఆ నెమలి నెమలిగానే ఉంటుంది. త్రిభుజం గుణాలేవీ ఆ బొమ్మకు అవసరం పడలేదు.

రెండోది జ్ఞాపకం. ఎక్కాలు పాటగా పాడించడం, సూత్రానికి బాణీ కట్టడం. ఇది తక్కువ పనేమీ కాదు. మన పెద్దలు అంకెల లెక్కనంతా నోటికి వచ్చేలా రాగం తీసి చెప్పించారు. ఏడెనిమిదులు యాభైయారు అని తడుముకోకుండా రావడం పెద్ద లెక్కల్లో ఎంతో ఆదుకుంటుంది. కానీ యాభైయారే ఎందుకు అవుతుందో పాట చెప్పదు, చెప్పాలని అనుకోకూడదు కూడా.

మూడోది నిర్మాణం. ఆ కళ నిలబడిందే లెక్క మీద. లెక్క తప్పితే ముగ్గు కలవదు, తాళం తప్పుతుంది, పద్యం కుంటుతుంది. తప్పు జరిగిందని టీచరు చెప్పనక్కర్లేదు, కళే చెబుతుంది. లెక్కల పీరియడ్ ఇవ్వదగ్గది ఈ మూడోదానికేనని నా అభిప్రాయం. మిగతా రెండింటికీ బడిలో వేరే చోట్లు ఉన్నాయి. ఇది మాటల్లో చెబితే గాలిలో తేలినట్టు ఉంటుంది కాబట్టి, మన ప్రాంతంలో పిల్లలకు బాగా తెలిసిన కళలనే తీసుకుని లెక్క వేసి చూద్దాం.

## ఏడు చుక్కల ముగ్గులో ఎన్ని చుక్కలుంటాయి?

ఒక ముగ్గులో మధ్య వరుసకు ఏడు చుక్కలు ఉన్నాయంటే మొత్తం ఎన్ని చుక్కలు? చుక్కలు పెట్టే పద్ధతి చెప్పకుండా దీనికి జవాబు రాదు.

ఎదురు చుక్క (చుక్కకు సూటిగా చుక్క), ఒకటి వచ్చేవరకు అనుకుందాం. వరుసలు 1, 3, 5, 7, 5, 3, 1 అవుతాయి. మొత్తం 25. పైనుంచి మధ్య వరుస దాకా కూడితే 1, 3, 5, 7 కలిసి 16, అంటే నాలుగు నాలుగుల చతురస్రం. కింది సగం 5, 3, 1 కలిసి 9, అంటే మూడు మూళ్లు. ఒకటి నుంచి వరుస బేసి సంఖ్యల్ని ఎక్కడ దాకా కూడినా వర్గ సంఖ్యే వస్తుందన్న నియమం వాకిట్లో పరుచుకుని కనిపిస్తుంది.

సందు చుక్క (రెండు చుక్కల నడుమ సందులో చుక్క), ఒకటి వచ్చేవరకు అయితే వరుసలు 1 నుంచి 7 దాకా ఒక్కొక్కటి పెరిగి, మళ్లీ 1కి దిగుతాయి. మొత్తం 49, అంటే ఏడేళ్లు. అదే సందు చుక్క నాలుగు వచ్చేవరకు అయితే 4, 5, 6, 7, 6, 5, 4. మొత్తం 37. ఇది ఆరు భుజాల ఆకారం. నడుమ ఒక చుక్క, దాని చుట్టూ 6, ఆ చుట్టూ 12, ఆపైన 18. ఇలాంటి ఆరు భుజాల ముగ్గుల్ని చిన్నదాని నుంచి వరుసగా తీసుకుని 1, 7, 19, 37 కూడితే 64 వస్తుంది. నాలుగును మూడుసార్లు గుణించినా 64 వస్తుంది. నేల మీద పరిచిన చుక్కల నుంచి ఘనం ఎలా వచ్చిందో ఆలోచించడానికి ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక పీరియడ్ ఇచ్చినా చాలదు.

## మెలికల ముగ్గులో దాగిన గ.సా.భా.

చుక్కల్ని కలిపే ముగ్గు ఒక రకం. చుక్కల చుట్టూ గీత మెలికలు తిరిగేది ఇంకో రకం. తమిళనాడు సరిహద్దు కావడం వల్ల కాబోలు, చిత్తూరు వైపు ఈ మెలికల ముగ్గు వాకిళ్లలో బాగా కనిపిస్తుంది.

నియమం సులువే. చుక్కల్ని దీర్ఘచతురస్రంగా పెట్టాలి. పక్కపక్కనున్న ప్రతి రెండు చుక్కల మధ్యా గీతలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటాలి. అంచుకు వచ్చిన గీత క్యారమ్ బోర్డులో గట్టుకు తగిలిన స్ట్రైకర్ లాగా వెనక్కి తిరగాలి. చుక్కలన్నిటి చుట్టూ మెలిక పడ్డాక చూస్తే, మొత్తం ముగ్గు ఒకే గీతా, ఎక్కువ గీతలా?

చిత్తూరు పక్కన ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఈ పాఠం జరుగుతుంటే చూశాను. వరండా బండల మీద పిల్లలు జట్లుగా కూర్చున్నారు. ఒక్కో గీతకూ ఒక్కో రంగు సుద్ద. మొదలుపెట్టిన చోటికి గీత తిరిగి వచ్చిందంటే సుద్ద మార్చాలి. "మూడు నాలుగైతే ఒక్కటే గీత వస్తాది మేడమ్, మా అవ్వ ఎప్పుడూ అదే వేస్తాది" అని ఒక పాప ముందే చెప్పేసింది. పక్క జట్టులో మూడు వరుసలు, వరుసకు మూడు చుక్కలు వేస్తే మూడు రంగులు పట్టింది. రెండు వరుసలు, వరుసకు రెండు చుక్కలైతే రెండు రంగులు. నాలుగు వరుసలు, వరుసకు ఆరు చుక్కలైతే ఎన్ని గీతలొస్తాయని టీచరమ్మ అడిగితే నాలుగు అన్నారు, ఆరు అన్నారు, పది అన్నారు. వేసి చూస్తే రెండే వచ్చాయి. అక్కడ ఒక పిల్లవాడు పలక మీద వచ్చిన జవాబులన్నీ వరుసగా రాసుకుంటూ పోయి, "రెంటినీ భాగించే పెద్ద అంకె" అన్నాడు.

అదే గ.సా.భా. ఆరో తరగతిలో కారణాంకాలు రాసి సున్నా చుట్టి కనుక్కునే సంఖ్య. వరుసల సంఖ్యకు, వరుసలోని చుక్కల సంఖ్యకు గ.సా.భా. ఎంతో, పైన చెప్పిన నియమంతో వేసిన ముగ్గులో అన్ని గీతలు ఉంటాయి.

ఎందుకు? ఇక్కడితో ఆగిపోతే అది గారడీ అవుతుంది, పాఠం కాదు. ప్రతి చుక్క చుట్టూ ఒక గది గీసుకుందాం. గీత ఏ గదిలోకి వచ్చినా ఒక పక్క మధ్య నుంచి వచ్చి, ఆనుకుని ఉన్న పక్క మధ్య నుంచి పోతుంది. అంటే ఒక్కో గదిలో చుక్క చుట్టూ నాలుగు ఏటవాలు ముక్కలు ఉంటాయి. ఒక్కో ముక్క అడ్డంగా అర గది దూరం నడుస్తుంది. నాలుగు ముక్కలకు రెండు గదుల దూరం.

నాలుగు వరుసలు, వరుసకు ఆరు అయితే 24 గదులు. అన్ని గీతలూ కలిసి అడ్డంగా నడిచేది 48 గదుల దూరం. ఇప్పుడు ఒక్క గీతనే పట్టుకుందాం. అది అడ్డంగా ఆరు గదులు పోయి రావాలంటే 12. నిలువుగా నాలుగు గదులు పోయి రావాలంటే 8. మొదలైన చోటికి అదే దిశలో చేరాలంటే ఈ రెండు ప్రయాణాలూ ఒకేసారి పూర్తి కావాలి. అది 12, 8 ల క.సా.గు. (రెండింటితోనూ భాగమయ్యే అతి చిన్న సంఖ్య) దగ్గర, అంటే 24 దగ్గర జరుగుతుంది. ఒక్కో గీత వాటా 24, మొత్తం 48, కాబట్టి గీతలు రెండు. మూడు వరుసలు, వరుసకు నాలుగు అయితే మొత్తం 24, ఒక గీత వాటా 8, 6 ల క.సా.గు. 24, కాబట్టి గీత ఒక్కటే. పాప వాళ్ల అవ్వకు అనుభవంతో తెలిసింది ఇదే.

రెండు సంఖ్యల లబ్ధం వాటి గ.సా.భా., క.సా.గు.ల లబ్ధానికి సమానం అని పిల్లలు బట్టీ పట్టే వాక్యం ఒకటుంది. ముగ్గులో అది ఎందుకు నిజమో వేలు పెట్టి చూపించవచ్చు. అన్ని గీతల మొత్తం దూరం లబ్ధానికి రెట్టింపు, ఒక్క గీత దూరం క.సా.గు.కు రెట్టింపు, గీతల లెక్క గ.సా.భా.

ఒక జాగ్రత్త ఉంది. పండక్కి ఇంటి ముందు వేసే మెలికల ముగ్గులు చాలావరకు దీర్ఘచతురస్రంగా ఉండవు. అందం కోసం కొన్ని చోట్ల గీతలు దాటకుండా పక్కకు వంచేస్తారు. వాటికి ఈ లెక్క వర్తించదు. అవి మరింత లోతైన గణితంలోకి పోతాయి. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ, వాళ్లతో కలిసి కమలా కృతివాసన్ 1974లోనే ముగ్గుల్ని కంప్యూటర్ సైన్స్‌లోని వ్యాకరణాలుగా విశ్లేషించారు. అంగోలాలో చోక్వే ప్రజలు ఇసుక మీద గీసే సోనా గీతల్లో ఈ గ.సా.భా. నియమాన్నే మొజాంబిక్ గణితవేత్త పౌలస్ గెర్డెస్ వివరించాడు. సముద్రానికి అటూ ఇటూ రెండు జాతుల చేతివేళ్లు ఒకే లెక్కను పట్టుకున్నాయంటే, ఆ లెక్క బొమ్మకు పైన పూసిన రంగు కాదనే కదా.

## ముక్తాయి వేయాలంటే సమీకరణం కావాలి

తిరుపతిలో ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉంది. సాయంత్రం పూట మృదంగమో భరతనాట్యమో నేర్చుకునే పిల్లలు పట్టణంలో చాలామంది ఉన్నారు. వాళ్లకు తెలిసినదే ఈ ఉదాహరణ.

ఆది తాళానికి ఎనిమిది దెబ్బలు: నాలుగు, రెండు, రెండు. చతురశ్ర నడకలో దెబ్బకు నాలుగు అక్షరాలు, కాబట్టి ఒక ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టుకు, 32. ముగింపులో వేసే ముక్తాయిలో ఒకే జతిని (తకధిమి లాంటి అక్షరాల గుంపును) మూడుసార్లు పలుకుతారు, నడుమ రెండుచోట్ల సమానమైన ఖాళీ ఇస్తారు. అంతా కలిసి 32 అయితే తరువాతి దెబ్బ సరిగ్గా తాళం మొదలయ్యే సమం మీద పడుతుంది.

జతిలో పది అక్షరాలు పెట్టుకుంటే మూడుసార్లకు 30, మిగిలిన రెండింటిని రెండు ఖాళీలకు ఒక్కోటి పంచవచ్చు. తకిట, తకధిమి, తకిట అంటే మూడు, నాలుగు, మూడు కలిసి పది. జతికి ఎనిమిదైతే ఖాళీకి నాలుగు. ఆరైతే ఏడు. మరి జతికి తొమ్మిది పెడితే? మూడు తొమ్మిదులు 27, మిగిలేది 5, దాన్ని రెండు సమాన ఖాళీలుగా పంచలేం. జతి అక్షరాల సంఖ్య ఎప్పుడూ సరి సంఖ్యే కావాలని ఇక్కడే బయటపడుతుంది. రెండు తెలియని రాశులున్న ఒకే సమీకరణానికి పూర్ణాంకాల జవాబులు వెతకడం అంటే ఇదే. ఒక్క అక్షరం తేడా వచ్చినా చెవికి వెంటనే పట్టుబడుతుంది.

తాళాల పట్టిక కూడా గుణకారమే. ఏడు తాళాలు, ఒక్కోదానికి అయిదు జాతులు కలిసి 35. ఒక్కోదానికి అయిదు నడకలు చేరిస్తే 175.

## తెలుగు క్లాసులో నేర్చుకున్న లెక్క

హైస్కూల్లో గణవిభజన చేయని తెలుగు విద్యార్థి ఉండడు. లఘువు, గురువు అని రెండే గుర్తులు. మూడేసి అక్షరాల గణాలు ఎనిమిదే ఎందుకు? మూడు స్థానాలు, ఒక్కోదానికి రెండు అవకాశాలు: రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. గణాల్ని గుర్తు పెట్టుకోవడానికి నేర్పే 'యమాతారాజభానసలగం' అన్న మాటలో పది అక్షరాలే ఉన్నాయి. మొదటి ఎనిమిదిలో ఏ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడు చదివినా ఆ పేరున్న గణమే వస్తుంది. యమాతా అంటే లఘువు, గురువు, గురువు, అది య గణం. మాతారా మూడూ గురువులే, అది మ గణం. ఎనిమిది గణాలూ ఇలా ఒకదాని మీద ఒకటి ఎక్కి పది అక్షరాల్లో ఇమిడిపోయాయి. విడివిడిగా రాస్తే 24 అక్షరాలు పట్టేది.

ఇంకో లెక్క. ఉత్పలమాల పాదానికి భ ర న భ భ ర వ, 20 అక్షరాలు. చంపకమాలకు న జ భ జ జ జ ర, 21 అక్షరాలు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు చొప్పున కూడి చూడండి. రెండింటికీ 28 మాత్రలే వస్తాయి. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడగొడితే చంపకమాల అవుతుంది కాబట్టి అక్షరం ఒకటి పెరిగింది, మాత్రలు మారలేదు. శార్దూలానికీ మత్తేభానికీ మధ్య కూడా ఇదే సంబంధం. వాటికి 30 మాత్రలు.

ఇక విరహాంక సంఖ్యలు. నాలుగు మాత్రల్ని లఘువులు, గురువులతో ఎన్ని రకాలుగా నింపవచ్చు? నాలుగు లఘువులు ఒకటి. ఒక గురువు, రెండు లఘువులతో మూడు. రెండు గురువులు ఒకటి. మొత్తం అయిదు. ఒక మాత్ర నుంచి మొదలుపెడితే జవాబులు 1, 2, 3, 5, 8, 13 అని పెరుగుతాయి. చివర లఘువు ఉంటే దాని ముందు ఒక మాత్ర తక్కువ, గురువు ఉంటే రెండు మాత్రలు తక్కువ. అందుకే ప్రతి సంఖ్యా దాని ముందున్న రెంటి మొత్తం. ప్రాకృత ఛందస్సు రాసిన విరహాంకుడు, 1150 ప్రాంతంలో హేమచంద్రుడు ఈ వరుసను చెప్పారు. ఇటలీలో ఫిబొనాచి పుస్తకం వచ్చింది 1202లో.

రెండో పీరియడ్ తెలుగులో గణవిభజన చేసిన పిల్లలకే మూడో పీరియడ్ లెక్కల్లో సంభావ్యత చెబుతూ నాణెం ఎగరేస్తాం. మూడు నాణేలకు ఎనిమిది ఫలితాలెందుకో వాళ్లకు అప్పటికే తెలుసని ఎవరూ గుర్తు చేయరు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. ఇద్దరు టీచర్లు స్టాఫ్ రూంలో పక్కపక్కనే కూర్చుంటారు.

## ప్రతి కళా ప్రతి పాఠానికీ ఒదగదు

తిరుపతిలో టీటీడీ నడిపే సంప్రదాయ శిల్ప కళాశాలలో విగ్రహాల కొలతలు తాళమానంతో నేర్పుతారు. ఇక్కడి తాళం సంగీతంలోది కాదు, ముఖం పొడవుకు కొలత. తాళానికి 12 అంగుళాలు. నవతాళ విగ్రహానికి 108. ఈ అంగుళం మన స్కేలు మీది అంగుళం కాదు. విగ్రహం మొత్తం ఎత్తును 108 భాగాలు చేస్తే అందులో ఒక భాగం. 54 సెంటీమీటర్ల విగ్రహంలో అంగుళం అర సెంటీమీటరు, ముఖం 6 సెంటీమీటర్లు. 216 సెంటీమీటర్ల విగ్రహంలో అంగుళం 2 సెంటీమీటర్లు, ముఖం 24. రాయి మారినా నిష్పత్తి మారదు. ఏడో తరగతి నిష్పత్తి పాఠానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఈ ఊళ్లో దొరకదు.

శ్రీకాళహస్తి కలంకారీ సంగతి అలా కాదు. అది వెదురు కలంతో చేయి తిప్పి గీసే పని. కరక్కాయ, గేదె పాలల్లో నానబెట్టిన బట్ట మీద, బెల్లమూ తుప్పు ఇనుమూ ఊరబెట్టిన నల్లరంగుతో పురాణ కథలు గీస్తారు. దాని గొప్పతనం గీతలో, కథనంలో ఉంది. అక్కడికి పిల్లల్ని తీసుకెళ్లి త్రిభుజాలెన్ని ఉన్నాయో లెక్కపెట్టమంటే కలంకారీకీ లెక్కకూ ఇద్దరికీ అన్యాయం. రంగుల పాళ్లు కెమిస్ట్రీకి బాగా పనికొస్తాయి. జరిపితే, తిప్పితే, అద్దంలో చూస్తే ఆకారం ఏమవుతుందనే పాఠానికైతే అచ్చులతో అద్దే మచిలీపట్నం కలంకారీ సరిపోతుంది, ఎందుకంటే అక్కడ ఒకే అచ్చు పదేపదే జరుగుతూ పోతుంది. పక్కనే ఉంది కదా అని శ్రీకాళహస్తి కలంకారీని ప్రతి ప్రాజెక్టులోకీ లాగడం మన జిల్లాలో మామూలైపోయింది.

## పరిశోధనలు ఎటు మొగ్గుతున్నాయి

కళల వల్ల చదువు మొత్తంగా మెరుగుపడుతుందనే మాట చాలా వినిపిస్తుంది. హార్వర్డ్‌లో ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్లాండ్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కూర్చి 2000లో విశ్లేషించారు. సంగీతానికీ స్థల సంబంధమైన ఆలోచనకూ, నాటకానికీ భాషా సామర్థ్యానికీ సంబంధం కనబడింది. అన్ని కళలూ కలిపి నేర్పితే మార్కులు పెరుగుతాయనడానికి మాత్రం ఆధారం చాలలేదు.

ఒక నిర్దిష్ట పాఠాన్ని ఒక నిర్దిష్ట కళతో కట్టినప్పుడు ఫలితం వేరుగా ఉంది. కాలిఫోర్నియాలో మూడో తరగతి పిల్లలు 67 మందితో చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. ఆరు వారాల పాటు స్వరాల కాలప్రమాణంతో భిన్నాలు నేర్చుకున్న పిల్లలు, మామూలుగా నేర్చుకున్నవాళ్ల కంటే భిన్నాల్లో బాగా రాణించారు. చిన్న అధ్యయనం, దాని మీద మేడలు కట్టలేం. కానీ అక్కడ సంగీతం చేసిన పని భిన్నం చేసే పనే.

హెచ్చరికలూ ఉన్నాయి. పాఠంలో ఆసక్తి కోసం చేర్చిన, విషయంతో సంబంధం లేని ముచ్చట్లు అసలు విషయాన్ని మరిపిస్తాయని షానన్ హార్ప్, రిచర్డ్ మేయర్ 1998లో చూపించారు. నెమలి చార్టుకు ఇది నేరుగా తగులుతుంది. 2008లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేశారు. పిజ్జాలు, కొలగిన్నెలు లాంటి ఉదాహరణలతో నేర్చుకున్నవాళ్ల కంటే గుర్తులతో నేర్చుకున్నవాళ్లే ఆ భావనను కొత్త చోట బాగా వాడగలిగారని చెప్పారు. బెల్జియం పరిశోధకులు తర్వాత ఆ ముగింపును ప్రశ్నించారు, వాదం ఇంకా నడుస్తోంది. ఎవరి పక్షాన ఉన్నా ఒక మాట మిగులుతుంది: పిల్లలు ముగ్గు దగ్గరే ఉండిపోకూడదు. బండ మీది గీత నోటుబుక్కులో పట్టికగా మారాలి, పట్టిక నియమంగా మారాలి, చివరికి ముగ్గు లేకుండానే లెక్క చేయగలగాలి.

## టీచర్లు, తల్లిదండ్రులు, కళాకారులు: ఎవరి ఇబ్బంది వాళ్లది

టీచర్ల కష్టం పీరియడ్ల లెక్క. మెలికల ముగ్గు పాఠానికి కనీసం రెండు మూడు పీరియడ్లు పడుతుంది. కారణాంకాల పద్ధతి ఒక్క పీరియడ్‌లో అయిపోతుంది. అలాంటి పాఠాలు ఏడాదికి పది పెడితే సిలబస్ కచ్చితంగా వెనకపడుతుంది, అందులో సందేహం లేదు. ఏడాదికి రెండు పెట్టి, అవి గ.సా.భా., నిష్పత్తి లాంటి పదే పదే పనికొచ్చే చోట్ల పెడితే తర్వాతి తరగతుల్లో మళ్లీ మొదటికి వచ్చే బెడద కొంత తగ్గవచ్చు. ఇంకో చిక్కు, లెక్కల టీచరుకు తాళం తెలియదు, సంగీతం టీచరుకు సమీకరణం తెలియదు. ప్రభుత్వ బడుల్లో సంగీతం టీచరే అరుదు.

కళాకారుల అభ్యంతరం మరీ లోతైనది. ముగ్గును గ.సా.భా. కోసం, మృదంగాన్ని సమీకరణం కోసం వాడుకుంటే, కళకు తన కోసం తనకు విలువ లేదని పిల్లలకు చెప్పినట్టే కదా అంటారు. ఆర్ట్ ఇంటిగ్రేషన్ పేరుతో డ్రాయింగ్ పీరియడ్‌నే ఎత్తేసే బడి విషయంలో ఈ భయం అక్షరాలా నిజం. ఒకదాని బదులు ఇంకొకటి పెట్టడానికి విధానంలో ఎక్కడా అనుమతి లేదు.

ఏ కళ, ఎవరి కళ అన్న ప్రశ్న కూడా ఉంది. ముగ్గు అనగానే అబ్బాయిలు పక్కకు జరుగుతారు. నేను చూసిన క్లాసులోనూ మొదట నిలబడే చూశారు, రంగు సుద్దలు లెక్కపెట్టే పని వచ్చాకే కూర్చున్నారు. కర్ణాటక సంగీతం అందరిళ్లలో వినిపించదు. తిరుపతి గంగమ్మ జాతరలో పలకల దరువు, పల్లెల్లో చెక్కభజన, కోలాటం వినని పిల్లలు మాత్రం ఈ చుట్టుపక్కల తక్కువ. కోలాటంలో లోపలి వలయం ఒక అడుగు జరిగితే, బయటి వలయం రెండు అడుగులు ఎదురు జరిగితే, ఎన్ని మార్పుల తర్వాత మళ్లీ మొదటి జంట ఎదురెదురుగా వస్తుంది? ఎనిమిది జంటలైతే ఒక జవాబు, తొమ్మిదైతే ఇంకో జవాబు. ఆడి చూస్తేనే తెలుస్తుంది.

## మార్కులు దేనికి వేయాలి

సీబీఎస్‌ఈలో 9, 10 తరగతులకు 20 ఇంటర్నల్ మార్కుల్లో సబ్జెక్ట్ ఎన్‌రిచ్‌మెంట్‌కు 5 ఉంటాయి. తల్లిదండ్రులు థర్మోకోల్ కొనేది ఆ చిన్న అంకె కోసమే. చార్టు ఎంత నీటుగా ఉందో చూసి మార్కులేస్తే, ఇంట్లో పెద్దవాళ్ల చేతి నైపుణ్యానికి మార్కులు పడతాయి. డబ్బులిచ్చి చేయించే ఇంటికీ, కూలికి పోయి రాత్రి ఇంటికొచ్చే అమ్మ ఉన్న ఇంటికీ తేడా అక్కడే మొదలవుతుంది.

అదే అయిదు మార్కులకు ఈ ప్రశ్న ఇచ్చి చూడండి: 'పది వరుసల మెలికల ముగ్గులో సరిగ్గా అయిదు గీతలు రావాలంటే వరుసకు ఎన్ని చుక్కలు పెట్టాలి? రెండు వేరువేరు జవాబులు రాసి, ఎందుకో చెప్పండి.' 5 అని, 15 అని రాయవచ్చు. 25 కూడా సరే. 10 రాస్తే పది గీతలు వస్తాయి, 20 రాసినా పదే. దీనికి చార్టు అక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు. వరండాలో సుద్దముక్క పట్టుకున్న పిల్లలు రాయగలుగుతారు, ఐఐటీ ఫౌండేషన్‌కు పోయే పిల్లలు కూడా కాసేపు తల గోక్కుంటారు.